పసుపు కార్డు, లామినేషన్ కాగితం

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున బీరువా కింది సొరుగు సర్దుదామని కూర్చున్నాను. ఆరు నెలలుగా అది సగం దాకా వచ్చి ఇరుక్కుపోతోంది. లాగి లాగి బయటికి తీస్తే పాత రసీదులు, చెల్లిపోయిన బ్యాంకు పుస్తకాలు, ఎవరివో గుర్తురాని ఫొటోలు. అన్నిటికీ అడుగున నా కోవిడ్ సర్టిఫికెట్. లామినేషన్ చేయించి మరీ దాచుకున్నాను. ప్లాస్టిక్ అంచులు విడిపోయాయి గానీ క్యూఆర్ కోడ్ మాత్రం నిన్న అచ్చేసినట్టుంది. ఒకప్పుడు ఇది సంచిలో లేకుండా గడప దాటేదాన్ని కాదు. ఇప్పుడు పారేయడానికి చెయ్యి రాలేదు, దాచుకోవడానికి కారణమూ తోచలేదు.

అది చేతిలో ఉండగానే అక్క కూతురు ఫోన్ చేసింది. దానికి ఘనాలో ఉద్యోగం వచ్చింది. పంతొమ్మిదో తారీఖు ప్రయాణం.

"పిన్నీ, ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న కార్డు లేకపోతే అక్కడ దిగనివ్వరట. ఆ మాట వినగానే నాన్న మళ్లీ మొదలుపెట్టారు. నువ్వే కాస్త మాట్లాడవా?"

మా బావగారి సంగతి తెలిసినవాళ్లెవరూ ఆ "మళ్లీ" అన్న మాటకి ఆశ్చర్యపోరు. కోవిడ్ టీకా ఆయన వేయించుకోలేదు. అప్పటికే ఒకసారి జబ్బు వచ్చి తగ్గింది, ఇంకెందుకన్నారు. 2022 జనవరిలో టీకా వేసుకోని టెన్నిస్ ఆటగాడు నొవాక్ జొకోవిచ్‌ని ఆస్ట్రేలియా వెనక్కి పంపినప్పుడు, టెన్నిస్ ఒక్క రోజు కూడా చూడని ఆయన వారం పాటు అదే మాట్లాడారు. నవ్వుకున్నాం. కానీ ఆ తర్వాత కొన్నాళ్లకే విదేశంలో ఉన్న ఆయన చిన్ననాటి స్నేహితుడికి ఒంట్లో బాగాలేకపోయింది. వెళ్లి చూసి రావాలనుకున్నారు. టీకా వేసుకోనివాళ్లని ఆ దేశం రానివ్వలేదు. వేయించుకోవడానికి ఒప్పుకునే లోపు స్నేహితుడు పోయాడు. ఆ తర్వాత మేమెవరం నవ్వలేదు.

మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. బావగారు నన్ను చూడగానే "నిన్ను పిలిపించిందన్నమాట" అన్నారు.

నాకు తెలిసింది చెప్పాను. ఎల్లో ఫీవర్ దోమ కుట్టడం వల్ల వస్తుంది. డెంగీని మోసే ఈడిస్ దోమే దీన్నీ మోస్తుంది. ఆ దోమ ఆసియా అంతా ఉంది, కానీ ఈ జబ్బు మాత్రం ఆసియాలో ఇంతవరకూ పాతుకోలేదు. జబ్బున్న చోటి నుంచి ఒక్కరు రక్తంలో వైరస్‌తో దిగి, వాళ్లని ఇక్కడి దోమ కుడితే ఏమవుతుందోనన్నదే అందరి భయం. అందుకే ప్రపంచ దేశాలన్నీ ఒప్పుకున్న అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లో ప్రయాణికుల్ని టీకా కార్డు అడగడానికి పేరు పెట్టి చెప్పిన జబ్బు ఇదొక్కటే. ఒక్క డోసు చాలు. వేసుకున్న పదో రోజు నుంచి కార్డు చెల్లుతుంది. ఇదివరకు పదేళ్లకోసారి వేయించుకోమనేవారు, 2016 జులై నుంచి ఆ ఒక్క కార్డే జీవితాంతం చెల్లుతోంది. ఇది బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసిన టీకా కాబట్టి అందరికీ పడదు. అలాంటివాళ్లకి డాక్టరు మినహాయింపు కాగితం రాసివ్వొచ్చు, దాన్ని ఒప్పుకోవాలా లేదా అన్నది అవతలి దేశం ఇష్టం.

ఆయన అంతా విన్నారు. ఆయనతో వచ్చిన చిక్కే అది, పూర్తిగా వింటారు.

"అప్పుడూ ఇలాగే చెప్పావమ్మా. మీరు వేసుకోకపోతే పక్కవాళ్లకి ముప్పు, మీరు వేసుకుంటే వాళ్లు బతుకుతారు అన్నావు. తర్వాత మూడు డోసులు వేసుకున్న నువ్వే జబ్బు తెచ్చి మీ అక్కకి అంటించావు."

నిజమే. నా దగ్గర జవాబు లేదు. ఉంది గానీ, ఆయన ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం రాలేదు. 2021 మధ్యలో నేనన్న మాట తప్పు కాదు. అప్పటి వైరస్ రకాల మీద టీకా జబ్బు తీవ్రతతో పాటు అంటుకోవడాన్నీ బాగానే తగ్గించింది. 2021 నవంబరులో ఒమిక్రాన్ అనే కొత్త రకం వచ్చాక లెక్క మారింది. ఆసుపత్రి పాలు కాకుండా, ప్రాణం పోకుండా టీకా కాపాడుతూనే వచ్చింది. అంటుకోకుండా ఆపడం మాత్రం తగ్గిపోయింది, ఆపినా కొద్ది నెలలే. వైరస్ మారిపోయింది, నేను నా మాట మార్చుకోలేదు. "నా కోసం కాకపోయినా పక్కవాళ్ల కోసం" అన్న వాదన మీదే గుమ్మాలన్నీ మూశాం. ఆ వాదన పలచబడ్డాక కూడా కొన్ని నెలలు తెరవలేదు.

మూశాం అంటున్నాను, ఎందుకంటే మూసినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ రోజుల్లో గ్రంథాలయం గుమ్మం దగ్గర నాకు డ్యూటీ వేశారు. బల్ల, కుర్చీ, స్కాన్ చేసే ఫోన్, ఒక రిజిస్టర్. రెండు డోసుల సర్టిఫికెట్ చూపిస్తే లోపలికి, లేకపోతే వెనక్కి. రోజూ పేపర్లు చదువుకోవడానికి వచ్చే పెద్దాయన ఒకరుండేవారు. ఆయనకి స్మార్ట్‌ఫోన్ లేదు. రెండు డోసులూ వేయించుకున్నారు, మెసేజ్ మాత్రం కొడుకు ఫోన్‌కి వెళ్లింది, కొడుకు వేరే ఊళ్లో ఉన్నాడు. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, "ఇదిగో అమ్మా, ఇక్కడే పొడిచారు" అని చూపించారు. అక్కడ ఏముంటుంది? మశూచి టీకా మచ్చ ఉంది, చిన్నప్పటిది. దాన్ని స్కాన్ చేయలేం కదా. "రూలండీ" అన్నాను. ఆయన తల ఊపి మెట్లు దిగి వెళ్లిపోయారు.

ఆయన వెనకాలే వరసలో ఉన్న కుర్రాడు గొంతు పట్టేసి మాట్లాడలేకపోతున్నాడు. ఫోన్ చూపించాడు. పచ్చ రంగు వెలిగింది. లోపలికి పంపాను.

రిజిస్టర్‌లో "కారణం" అని ఒక గడి ఉండేది. పెద్దాయన పేరు పక్కన "సర్టిఫికెట్ లేదు" అని రాశాను. ఆ రెండు నెలల్లో ఎంతోమంది పేర్ల పక్కన అదే రాశాను. వాళ్లలో సూది వేసుకోనివాళ్లెవరో, కాగితం లేనివాళ్లెవరో ఆ రిజిస్టర్ చూస్తే ఈ రోజుకీ తెలియదు.

ఇంకో వైపు కూడా రాయాలి, లేకపోతే అబద్ధమవుతుంది. మాతో పనిచేసే ఆవిడ అప్పుడు కీమో చేయించుకుంటోంది. "గుమ్మం దగ్గర నువ్వు కూర్చున్నావనే ధైర్యంతో వస్తున్నా" అనేది. ఆ ధైర్యంలో ఎంత నిజం, ఎంత నమ్మకం అని ఇప్పుడు విడదీయలేను. ఆవిడ మాత్రం ఆ కాలమంతా పనికి వచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చాక అప్పట్లో చదివినవన్నీ మళ్లీ బుర్రలోకి వచ్చాయి. 2021 జులైలో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ ఇక నుంచి హోటళ్లలోకి, సినిమా హాళ్లలోకి వెళ్లాలంటే ఆరోగ్య పాస్ చూపించాలని టీవీలో ప్రకటిస్తే, ఒక్క రోజులో దాదాపు పది లక్షల మంది టీకాకి పేర్లు రాయించుకున్నారు. కాబట్టి తప్పనిసరి చేస్తే పని జరగదనడం తప్పు, జరుగుతుంది. పైగా మొదట్లో అక్కడ టీకా లేకపోయినా నెగెటివ్ టెస్టు చూపించినా సరిపోయేది. 2022 జనవరిలో ఆ దారి మూసేసి టీకా పాస్‌గా మార్చారు, మార్చిలో మొత్తానికే పక్కన పెట్టారు. ఆస్ట్రియా మరీ ముందుకెళ్లి పెద్దవాళ్లందరికీ టీకా తప్పనిసరి అని చట్టమే చేసింది. 2022 ఫిబ్రవరిలో అమలు, మార్చిలో నిలిపివేత, ఆ వేసవిలో రద్దు. ఒక్కరికీ జరిమానా వేయకుండానే అది చచ్చిపోయింది.

బావగారిలాంటి మనిషి వంద ఏళ్ల కిందటే ఒకాయన ఉన్నాడు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో పాస్టర్ హెన్నింగ్ జాకబ్సన్. 1902లో మశూచి వ్యాపిస్తుంటే టీకా వేయించుకోమన్నారు, ఇదివరకు ఒకసారి వేస్తే తనకి పడలేదని ఆయన ఒప్పుకోలేదు. ఐదు డాలర్ల జరిమానా వేశారు. ఆ ఐదు డాలర్ల మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1905లో ఓడిపోయాడు. టీకా తప్పనిసరి అనేవాళ్లంతా ఇప్పటికీ ఆ తీర్పే చూపిస్తారు. ఆ తీర్పు జరిమానా గురించే గానీ, మనిషిని పట్టుకుని సూది పొడవడం గురించి కాదన్న సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు.

నాకు ఎక్కువ నచ్చింది 2022 మే 2న భారత సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకోమనకూడదంది. అంతటితో ఆగలేదు. ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం ఆంక్షలు పెట్టొచ్చు, కానీ అవి ముప్పుకి తగినంతే ఉండాలంది. టీకా వేసుకోనివాళ్ల వల్ల వేసుకున్నవాళ్లకంటే ఎక్కువ వ్యాపిస్తుందని చూపించే ఆధారమేదీ ప్రభుత్వాలు తన ముందు పెట్టలేదు కాబట్టి, బహిరంగ ప్రదేశాల్లోకి రానివ్వకపోవడం అప్పటి పరిస్థితుల్లో సరికాదంది. అప్పటికి నా గుమ్మం డ్యూటీ అయిపోయి చాలా రోజులైంది. ఆ తీర్పు చదివిన రోజు పెద్దాయనే గుర్తొచ్చారు.

ఆయన తర్వాత వచ్చారు. ఎప్పటిలాగే కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నారు. నన్ను చూసి నవ్వారు, అంతే. నేను క్షమించమని అడగలేదు. అడిగితే ఆయన "రూల్ కదమ్మా" అంటారు. ఆ మాట ఆయన నోట వినడం నాకిష్టం లేదు.

ఏడింటికి బావగారే ఫోన్ చేశారు.

"ఆ కార్డు జీవితాంతం చెల్లుతుందన్నావు. మళ్లీ ఏడాదికి ఇది చాలదు, ఇంకోటి పొడిపించుకో అనరు కదా?"

"అనరండీ. ఒకవేళ జబ్బే లేకుండా పోతే కార్డూ అడగరు. మశూచి పోయిందని 1980లో ప్రకటించారు, మరుసటి ఏడాదే ఆ నిబంధనల్లోంచి దాని పేరు తీసేశారు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నాకు ఇప్పటికీ ఇష్టం లేదు" అన్నారు. "అది వెళ్లాల్సిన చోటు, అది తేల్చుకోవాల్సిన సంగతి. తొమ్మిదో తారీఖు లోపు వేయించుకోమను. పది రోజులు పట్టాలన్నావు కదా."

తొమ్మిది అంటే మరీ అంచుకి. ఐదున వేయించుకోమని అక్క కూతురికి మెసేజ్ పెట్టాను. ఇందాకే జవాబొచ్చింది. "సరే పిన్నీ. చెయ్యి బాగా నొప్పి పుడుతుందా?"

ఒక రోజు ఉంటుంది, మందుల చరిత్ర అంతా డాక్టరుకి ముందే చెప్పు, కార్డు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించుకో అని రాశాను. లామినేషన్ కాగితం ఇంకా బల్ల మీదే ఉంది. సొరుగు ఇప్పుడు పూర్తిగా తెరుచుకుంటోంది.