అర్జీలో ఒక వాక్యం

మార్చి నెలాఖరు వచ్చిందంటే మా కార్యాలయంలో బిల్లుల జాతర. గడియార స్తంభం దగ్గర ఉగ్గాని, బజ్జి తిని పదింటికల్లా కుర్చీలో కూర్చున్నాను. అప్పటికే ఎండ కిటికీ చువ్వలు దాటి బల్ల మీదికి వచ్చేసింది. అనంతపురంలో మార్చికీ మేకీ తేడా క్యాలెండర్‌లోనే కనిపిస్తుంది.

పదకొండు గంటలకు మా జూనియర్ అసిస్టెంటు కుర్రాడు ఒక చేతిలో పాలకోవా డబ్బా, మరో చేతిలో పితృత్వ సెలవు అర్జీ పట్టుకుని వచ్చాడు. ఆడపిల్ల పుట్టి ఐదు రోజులైంది. కోవా అందరూ తీసుకున్నారు. అర్జీ మాత్రం ఎవరూ తీసుకోలేదు.

"పదిహేను రోజులా? కన్నది నువ్వా, మీ ఆవిడా?" అన్నారు సూపరింటెండెంట్ గారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. "ఆరు నెలల లోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు కదయ్యా, ఏప్రిల్‌లో పెట్టుకో. పిల్ల ఎక్కడికీ పోదు, 31 దాటితే బడ్జెట్ పోతుంది."

టీ వేళకు అదే మాట బయటి బంకు దాకా పాకింది. ఒకరు తమ కాలం గురించి చెప్పారు: కొడుకు పుట్టిన సంగతి మూడో రోజు ఉత్తరంలో తెలిసిందట. ఆ సంగతి గర్వంగా ఎందుకు చెప్పారో నాకు అర్థం కాలేదు. మా సెక్షన్ మేడమ్ మాట మరీ పదును. "మగవాళ్ళు పదిహేను రోజులు ఇంట్లో కూర్చుంటే బాలింత వాళ్ళకు కూడా వండిపెట్టాలి. ఇవ్వకపోవడమే మేలు." ఆమె ఇద్దరు పిల్లల తల్లి. అనుభవంతో అన్న మాట, కొట్టిపారేయలేం.

అటెండరు మాత్రం కుర్రాడి పక్షం వహించాడు. "కోహ్లీ కూడా వెళ్ళాడు కదా సార్, ఆస్ట్రేలియా నుంచి." "అందుకే 36కు ఆలౌట్ అయ్యాం" అన్నారు సూపరింటెండెంట్ గారు. క్రికెట్ విషయంలో నేను ఊరుకోలేను. ఆ 36 పరుగుల ఇన్నింగ్స్‌లో కోహ్లీ ఉన్నాడు. అతను ఇంటికి వెళ్ళిన తరువాతే మనం సిరీస్ 2-1తో గెలిచాం. ఇంత చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. టీ కొట్టు యజమాని గ్లాసులు కడుగుతూ, "మా రెండోవాడు పుట్టిన రోజు ఒక్క పూట మూశాను సార్, ఆ పూట బేరం పోయింది" అన్నాడు. అతనికి సెలవిచ్చే సర్కారు ఎక్కడుంది?

అప్పుడు కుర్రాడు నెమ్మదిగా అసలు సంగతి చెప్పాడు. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. అత్తగారు పోయి నాలుగేళ్ళైంది. తన తల్లికి మోకాళ్ళ నొప్పులు, పల్లె నుంచి రాలేదు. ఇంట్లో చేసేవాళ్ళు లేరు.

బంకు దగ్గర గాలి ఒక్కసారిగా మారిపోయింది. "అయ్యో, ఆ మాట ముందే చెప్పకూడదా!" అన్నారు మేడమ్. సూపరింటెండెంట్ గారు కూడా, "అయితే తప్పదులే, పెట్టుకో" అన్నారు. టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చారు. మంచి మనిషే.

మధ్యాహ్నమంతా అదే నా బుర్రలో తిరిగింది. మేమంతా ఒప్పుకున్నది తండ్రికి సెలవు ఇవ్వడం కాదు, లేని అత్తగారి స్థానంలోకి ఒక మనిషిని పంపడం. ఆవిడే బతికి ఉంటే కుర్రాడు బిల్లుల ముందు కూర్చునేవాడు, మేము కోవా తిని ఊరుకునేవాళ్ళం. తొలి కాన్పు పుట్టింట్లోనే అన్న ఆచారం ఎంత బలమైనదంటే, ఆ పురిటి గదిలో తండ్రికి పని ఉంటుందని ఎవరికీ తోచదు. 2017లో చట్టం సవరించి తల్లులకు 12 వారాల జీతపు సెలవును 26 వారాలు చేసినప్పుడు కూడా తండ్రి ఊసు అందులో లేదు. ప్రైవేటు కంపెనీలో ఉన్న మా తమ్ముడు ఆసుపత్రి వరండాలోంచే ల్యాప్‌టాప్‌లో పనిచేశాడు. మన రాష్ట్ర ఉద్యోగులకు మాత్రం 2005 సెప్టెంబరులో వచ్చిన 231వ నంబరు జీవో ఉంది. ఇద్దరు పిల్లల వరకు, పదిహేను రోజులు.

మూడింటికి అర్జీ తీసి చదివాను. చివర్లో, "నా భార్యకు తల్లి లేనందున" అని రాశాడు. పిలిచి, ఆ వాక్యం తీసేసి మళ్ళీ రాసి ఇవ్వమన్నాను.

"తీసేస్తే మంజూరు అవుతుందా సార్?"

"జీవోలో అత్తగారి ప్రస్తావన లేదు నాయనా."

రాసిచ్చాడు. నోటు పెట్టాను. ఐదున్నరకు సంతకం అయింది. అతని బిల్లుల కట్ట నా బల్ల మీదికి వచ్చింది.

నేనేమీ ఉదారుణ్ణి కాను. 2009లో మా పాప తాడిపత్రిలో, మా అత్తగారింట్లో పుట్టింది. అప్పటికే ఆ జీవో ప్రతిని ఫైలులో అతికించింది నేనే. అయినా అడగలేదు. మూడు నెలలు ఆదివారం ఆదివారం బస్సెక్కి వెళ్ళి, భోజనం చేసి, ఉయ్యాల తొంగి చూసి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేవాణ్ణి. ఒకసారి ఎత్తుకుంటే గుక్కపట్టింది. మా అత్తగారు, "అలవాటు లేని చేతులు కదా అల్లుడుగారూ" అంటూ తీసుకున్నారు. స్వీడన్‌లో 1974లోనే తల్లిదండ్రులు పంచుకునే సెలవు పెట్టినా, మగవాళ్ళు చాలావరకు దాన్ని భార్యలకే వదిలేశారని, 1995లో ఒక నెలను వాడకపోతే పోయేలా తండ్రికి విడిగా కేటాయించాక కొంత కదిలారని చదివాను. నిజమే, క్యాజువల్ లీవు ఒక్కటి మురిగిపోతుందంటేనే డిసెంబరులో మేమంతా జ్వరాలు తెచ్చుకుంటాం. నా పదిహేను రోజులు మురిగిపోయినప్పుడు మాత్రం నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు.

రాత్రి భోజనాల దగ్గర ఈ కుర్రాడి సంగతి చెప్పాను. మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "మంచి పని చేశారు. ఈ సెలవు కొత్తగా వచ్చిందా?" అంది.

"కాదు, 2005 నుంచి ఉంది."

గరిటె ఒక క్షణం ఆగింది. ఇంటర్ చదువుతున్న మా పాప పుస్తకంలోంచి తలెత్తి నా వైపు చూసింది. ఇంకాస్త పప్పు వేయమన్నాను. వేసింది. నెయ్యి వేయడం మరిచిపోయింది, నేనూ అడగలేదు.