కొండ కింద రెండు రోజులు

తిరుపతికి పదిసార్లయినా వచ్చి ఉంటాం. ఎప్పుడూ ఒకటే వరస: రైలు దిగడం, అలిపిరి దాటి కొండెక్కడం, దర్శనం, లడ్డూ, తిరుగు రైలు. పెళ్లయి పాతికేళ్లు నిండాయని ఈసారి దర్శనమయ్యాక రెండు రోజులు కింద ఊళ్లోనే ఉండిపోయాం. మావారు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చదివారు. అప్పట్లో తిన్న హోటళ్లు చూపిస్తానని ఎన్నేళ్లుగానో ఊరిస్తున్నారు.

పొద్దున్నే గోవిందరాజస్వామి గుడి దగ్గరి సందులో నాలుగు బల్లల హోటలు. పెద్దాయన పెనం మీద పిండి తిప్పి, ఎండుమిర్చి, ఉల్లిపాయ, వెల్లుల్లి నూరిన ఎర్రకారం గరిటె వెనకతో అంచులదాకా పూశాడు. పైన పప్పుల పొడి చల్లి, నెయ్యి వేసి, దోసె అంచు ఎర్రబడి తానంతట తాను లేచేదాకా ముట్టుకోలేదు. మాది గోదావరి జిల్లా, కారమంటే ఆవకాయే అనుకునేదాన్ని. ఇది ముందు ఉల్లి తీపి తగిలించి, తర్వాత చెవులు వేడెక్కించింది. ఒకే దోసె ఇద్దరం తుంచుకు తిని, ఇంకోటి చెప్పాం.

గుడిలో గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించి, చుట్టూ ఈ ఊరికి పునాది వేసింది రామానుజులని చెబుతారు. మట్లి అనంతరాజు కట్టించిన ఏడంతస్తుల గోపురం నీడలో కాఫీ తాగాం. ఇన్నేళ్లూ ఆటోలోంచి తప్ప ఈ గోపురాన్ని చూడలేదు నేను.

మధ్యాహ్నం చంద్రగిరి వెళ్లాం. విజయనగర రాజులు చివరి కాలంలో ఏలిన కోట. రాజమహల్ చూసి వస్తూ దారి పక్క పూటకూళ్ల ఇంట్లో రాగిసంగటి తిన్నాం. వేడి ముద్ద, మధ్యలో గుంట చేసి పోసిన నెయ్యి, పక్కన రోట్లో కచ్చాపచ్చాగా నూరిన వేరుశనగల ఊరిబిండి, నాటుకోడి పులుసు. నేను నములుతుంటే వడ్డించే ఆవిడ నవ్వింది. "సంగటి నమలకూడదమ్మా, పులుసులో ముంచి మింగాలి." మావారు చిన్న ముద్ద చేసి నా చేతిలో పెట్టారు. పెళ్లయిన కొత్తలో కూడా నలుగురిలో అలా పెట్టలేదాయన.

సాయంత్రం ఆయన చదువుకునే రోజుల మెస్సు వెతికాం. అక్కడిప్పుడు బట్టల దుకాణం ఉంది. ఆయన గుమ్మం ముందే నిలబడిపోయారు. నెలాఖరున డబ్బు లేకపోయినా ఆ ఇంటావిడ అన్నం పెట్టేదట, ఖాతా పుస్తకం తీసేది కాదట. నేను ఎదురుగా మూర మల్లెపూలు కొన్నాను. ఆయన తేరుకునేదాకా పక్కనే నిలబడి, ఆ మెస్సులో ఆదివారాలు ఏం వండేవారో ఒక్కొక్కటే అడిగాను.