అది మెట్టు కాదురా!

ఇవాళ ప్లాంటులో కండెన్సేట్ లైన్ (ఆవిరి చల్లారి నీరయ్యాక ఆ వేడి నీటిని మోసే పైపు) మీద వేడి పోకుండా చుట్టిన ఇన్సులేషన్ విప్పించాం. పైన అల్యూమినియం రేకుకి చిన్న సొట్ట, అంతే. లోపల చూస్తే రాక్‌వూల్, అదే దూదిలా ఉండే రాతి నార, అట్టలా అణిగిపోయి నీళ్లు ఓడుతోంది. పైపు మీద తుప్పు పొరలు పొరలుగా ఊడొచ్చింది.

పక్కనున్న వాల్వ్ అందాలంటే అందరూ ఆ పైపు మీదే కాలేసి ఎక్కుతారు. నేనూ ఎక్కినవాణ్నే, అబద్ధమెందుకు! ట్రైనీగా ఉన్నప్పుడు మా ఇన్సులేషన్ మేస్త్రి కింద నుంచి అరిచేవాడు: "ఒరేయ్ బాబూ, అది మెట్టు కాదురా!" ఆ రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. తొక్కితే అతుకు విచ్చుకుంటుంది, వాన నీరు దిగుతుంది. పైపు మరీ వేడిగా ఉంటే ఆ నీరు ఆవిరైపోతుంది. వంద డిగ్రీల దగ్గర్లో ఉండే ఇలాంటి లైన్లకే అసలు టెన్షన్, తడి ఆరదు, తుప్పు ఆగదు.

"తొక్కరాదు" బోర్డు ఎప్పటి నుంచో ఉంది. దాన్ని పట్టుకునే ఎక్కేవాళ్లం.

ఈసారి పైపు దాటడానికి చిన్న ఇనప మెట్లు పెట్టిస్తున్నాం. అక్కడ రెండు మీటర్ల మేర రాక్‌వూల్ బదులు గట్టిగా ఉండే కాల్షియం సిలికేట్, పైన మందం రేకు. మేస్త్రి వచ్చి అరచేత్తో నొక్కి చూసి, "మెట్లున్నా దీన్నే తొక్కుతారు సార్" అన్నాడు.