ఆ పరుగు

నిన్న రాత్రి బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ నలుగురూ నటించిన 'ఎ హార్డ్ డేస్ నైట్' మళ్లీ చూశాను. 1964 నాటి బ్లాక్ అండ్ వైట్ సినిమా. ఖంగుమని ఒక్క గిటార్ మోత, వెంటనే లండన్ వీధిలో పరుగో పరుగు, వెనక అభిమానుల గుంపు. బృందంలోని గిటారిస్ట్ జార్జ్ హారిసన్ కాలు తడబడి దభీమని పడతాడు. వెనకే వస్తున్న డ్రమ్మర్ రింగో అతని మీద పడతాడు. ఇద్దరూ లేచి మళ్లీ పరుగు. దర్శకుడు రిచర్డ్ లెస్టర్ ఆ షాట్ తీసేయకుండా అలాగే ఉంచాడు. అందుకే ఆయనంటే నాకు అంత ఇష్టం.

నలుగురూ మైదానంలో గెంతే పాట చూడండి. పాడుతున్నట్టు పెదాలు కదపడాలు లేవు, పాట లయకు తగ్గట్టు ఎడిటింగ్ కట్‌లు, హెలికాప్టర్ నుంచి తీసిన షాట్లు. తర్వాత వచ్చిన మ్యూజిక్ వీడియోలకు దారి వేసింది ఇదే. 1966లో అమెరికాలో మొదలైన 'ది మంకీస్' టీవీ సీరియల్‌కూ ఇదే ప్రేరణ. ఇందులో జార్జ్ చేతిలోని పన్నెండు తీగల రికెన్‌బాకర్ గిటార్ చూసి అమెరికా రాక్ బృందం బర్డ్స్‌కు చెందిన రోజర్ మెగ్విన్ తనూ ఒకటి కొనుక్కున్నాడు. జానపద బాణీని రాక్‌తో కలిపిన ఫోక్ రాక్ పాటలకు ఆ గణగణ శబ్దం అలా అబ్బింది.

ఇన్ని ఉన్నా నిన్న నన్ను పట్టేసింది మాత్రం రింగో. అందరినీ వదిలేసి, మెడలో కెమెరాతో నది ఒడ్డున ఒంటరిగా తిరుగుతాడు. బడి ఎగ్గొట్టిన ఓ పిల్లాడు ఎదురైతే, వాడితో సమవయస్కుడిలా మాట్లాడతాడు. వాడు వెళ్లిపోయాక రింగో ముఖంలో కనిపించే ఆ దిగులు... అక్కడ ఆపేసి, రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను.