కన్నం వేసే ముందు వాకబు: అపహారవర్మ పద్ధతి

ఒంటికి నల్లబట్ట, నడుముకు పదునైన కత్తి. దండి సంస్కృత కావ్యం దశకుమారచరితంలో దొంగ అవతారమెత్తిన అపహారవర్మ చంపానగరం వీధుల్లోకి దిగేటప్పుడు వెంట ఉండే సరంజామాలో పదకొండు వస్తువుల పేర్లు చెప్పి, ఇంకా ఇలాంటివి చాలా అని వదిలేస్తాడు కవి. ఫణిముఖం గోడ తవ్వడానికి. మానసూత్రం కొలతాడు, కన్నం మనిషి పట్టేంత ఉందో లేదో చూసుకోవడానికి. పురుషశీర్షకం అంటే మనిషి తలకాయ బొమ్మ. కన్నంలో ముందు దాన్ని దూరుస్తారు, లోపల ఎవరైనా కాచుకుని ఉంటే వేటు దాని మీద పడుతుంది. కాకలి సన్నగా మోగే వాయిద్యం, లోపలివాళ్ల నిద్ర ఎంత గాఢమో తేల్చుకోవడానికి. భ్రమరకరండకం పురుగుల భరిణె. ఒకదాన్ని వదిలితే దీపం చుట్టూ తిరిగి రెక్కలతో ఆర్పేస్తుంది. ఇక పట్టుకారు, పీతకాలి కొక్కెం, తాడు, దీపపు బుడ్డి, మందుపొడి, మంత్రపు వత్తి.

ఇంత సరంజామా ఉన్నవాణ్ని ఏ గోడా ఆపలేదు. అయినా అతను మొదట చేసిన పని తవ్వడం కాదు. జూదశాలలో 16,000 దీనారాలు గెలిచి, అందులో సగం శాల యజమానికీ అక్కడున్నవాళ్లకూ పంచేశాడు. దాన్ని దాతృత్వం అంటారు గానీ, వాకబుకు పెట్టిన పెట్టుబడి అని నా లెక్క. ఆ జూదం సావాసంలోనే దొరికిన విమర్దకుడి నోట ఊరంతా తెలుసుకున్నాడు: ఎవరికెంత ఆస్తి, ఎవరి వృత్తి ఏమిటి, ఎవరి నడత ఎలాంటిది. డబ్బు నిలిచేది కాదని పిసినారులకు చూపించాలని, చౌర్యశాస్త్రం చెప్పిన కర్ణీసుతుడి దారి పట్టాలని ముందే అనుకున్నా, ఈ మూడూ తేలాకే కన్నానికి బయల్దేరాడు.

శూద్రకుడి నాటకం మృచ్ఛకటికంలోని దొంగ శర్విలకుణ్ని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. నగలు పెట్టుకున్న ఆడదాన్ని దోచను, బ్రాహ్మణుడి సొమ్మూ యజ్ఞానికి తీసిపెట్టిన బంగారమూ ముట్టను, దాది ఒడిలోని బిడ్డను ఎత్తుకుపోను, దొంగతనంలోనూ నా బుద్ధి మంచిచెడ్డలు ఎంచుతుంది అంటాడు. శ్లోకం బ్రహ్మాండంగా ఉంది. మరి అతను ఎత్తుకుపోయింది ఏమిటి? బీద బ్రాహ్మణుడైన చారుదత్తుడి ఇంట్లో గణిక వసంతసేన దాచుకున్న నగలు! కన్నం ఏ ఆకారంలో ఉండాలో అంతసేపు ఆలోచించినవాడు, ఇల్లు ఎవరిదో అడగలేదు. లోపలికి వచ్చి మద్దెలలూ వీణలూ చూశాక గానీ పేదిల్లని అనుమానం రాలేదు. వెళ్లిపోదామనుకుంటుండగా చారుదత్తుడి స్నేహితుడు మైత్రేయుడు నిద్రలో కలవరిస్తూ నగల మూట తానే అందించాడు.

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు ఈ తేడా కాగితాల దగ్గర బయటపడుతుంది. తెలుగే చదవగలిగిన పెద్దవాళ్ల భూమి రికార్డు ఒడియాలో ఉంటుంది. రెండు లిపులూ వచ్చిన మేనల్లుడో పక్కింటి కుర్రాడో ఆ ఇంటికి ఎక్కడైనా కన్నం వేయగలడు. మోసం చేసేవాళ్ల సంగతి అలా ఉంచండి. ఎక్కువ నష్టం మంచివాళ్ల తొందరతోనే. ఖతియాన్, అంటే ఆ భూమి హక్కుల కాగితం, చేతికిస్తే పైపేరు చదివి "సరిగ్గానే ఉంది పెద్దమ్మా" అనేస్తారు. ఖాతా నంబరు, తండ్రి పేరు, ప్లాటు నంబరు, కిసం (భూమి రకం), విస్తీర్ణం ఒక్కొక్కటీ పైకి చదవాలి. కిసం గడిలో ఘరబారి అని ఉంటే ఇంటిస్థలం. సాగుభూమి అని ఉన్నచోట ఇల్లు లేచి ఉంటే అప్పుడే చెప్పాలి. ఒడిశా భూసంస్కరణల (ఓ.ఎల్.ఆర్.) చట్టం 8-ఎ సెక్షను కింద తహసీల్దారు దగ్గర మార్పించుకోవాల్సి ఉంటుంది. డెసిమల్ అంటే మన సెంటే, 435.6 చదరపు అడుగులు. 0.05 ఎకరాన్ని 0.5 అని చదివితే అయిదు సెంట్లు యాభై అవుతాయి, అన్నదమ్ముల పంపకం దాకా ఆ తప్పు ఎవరికీ కనబడదు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అక్కడ చివర వస్తుంది. ఆధార్‌తో పోల్చకుండా మ్యుటేషన్‌కు (రికార్డులో పేరు మార్పుకు) పెడితే అక్కడే ఆగిపోవచ్చు. అసలు కాగితం మన దగ్గర ఉంచుకోకూడదు, జిరాక్సు చాలు. డబ్బు తీసుకునేటట్టయితే ఎంతో ముందే చెప్పాలి. "మీ ఇష్టం, ఎంతైనా ఇవ్వండి" అన్నమాట వింటే చదువురాని మనిషి భయపడి ఎక్కువే ఇస్తుంది.

వాకబు మానేసిన రోజు అపహారవర్మ కూడా దొరికిపోయాడు. ప్రేయసి రాగమంజరితో కూర్చుని తాగి, ఒక్క రాత్రిలో ఊరి సొమ్మంతా తెచ్చి నీ ఇల్లు నింపుతానని కత్తి పట్టుకుని బయటపడ్డాడు. తలకాయ బొమ్మ లేదు, కొలతాడు లేదు. గస్తీవాళ్ల మీదికి తానే దూకాడు. పట్టుబడ్డాక మాత్రం మత్తు దిగి తెలివి తెచ్చుకున్నాడు. రాగమంజరి, స్నేహితుడు ధనమిత్రుడు ఇరుక్కోకుండా, వాళ్లు తనకు శత్రువులన్నట్టు వెంటవచ్చిన దాది శృగాలికను అందరికీ వినబడేలా తిట్టాడు. ఆవిడకు సంగతి అర్థమై ఆట కొనసాగించింది.

అంతకుముందు నడిపిన తోలుసంచి వ్యవహారం మాత్రం నాకు మింగుడుపడదు. అన్యాయంగా తీసుకున్నది తిరిగి ఇచ్చినవాళ్లకే అది డబ్బులిస్తుందని పుకారు పుట్టించి, వేశ్య కామమంజరి చేత ఆమె దోచుకున్న విరూపకుడి సొమ్ము కక్కించడం వరకు భేషుగ్గా ఉంది. అయితే సంచి దొంగతనాన్ని వర్తకుడు అర్థపతి నెత్తిన వేశారు. ధనమిత్రుడికి ఇస్తామన్న కులపాలికను డబ్బుతో కొనబోయిన మనిషే, కాదనను. కానీ సంచి తీయలేదు. రాజు మరణశిక్ష వేయబోతే, ఇలాంటి నేరాల్లో వర్తకులకు ప్రాణదండన ఉండకూడదని మౌర్యులు ఇచ్చిన వరం ఉందని ధనమిత్రుడే అడ్డుపడాల్సి వచ్చింది. ఆస్తి జప్తు చేసి అర్థపతిని ఊరు దాటించారు. అతను చేయని దొంగతనానికే ఆ శిక్ష పడిందని తెలిసిన అపహారవర్మ, ధనమిత్రుడు నోరు విప్పలేదు.