రిపోర్టులన్నీ నార్మలే

ఇప్పుడు కాస్త స్థిమితపడ్డాను కాబట్టి నా ఒంటి నొప్పుల జబ్బు గురించి రాస్తున్నాను. రెండేళ్ళ క్రితమైతే పెన్ను పట్టుకున్న పావుగంటకే మెడ నుంచి మోచేతి దాకా సలుపు పుట్టేది.

నేను గుంటూరు జిల్లాలో హైస్కూలు లెక్కల టీచర్ని. మొదట బోర్డు మీద రాసే చెయ్యి భుజం దగ్గర పట్టేసింది. తర్వాత వీపు, నడుము, మోకాళ్ళు. పొద్దున లేచేసరికి ఒళ్ళంతా రోకలితో దంచినట్టుండేది. కుక్కర్ మూత తీయలేను, తడి బట్టలు పిండలేను. ఒకరోజు మా అబ్బాయి బడి నుంచి వచ్చి నడుం చుట్టూ చేతులేస్తే 'అబ్బా' అని తోసేశాను. ఆ తర్వాత చాలా రోజులు వాడు నన్ను ముట్టుకునే ముందు అడిగేవాడు. ఈ జబ్బు మీద నాకు అన్నిటికంటే కోపం అందుకే.

చికున్‌గున్యా తాలూకు నొప్పులన్నారు, కీళ్ళవాతం అన్నారు, మెడ ఎముకలు అరిగాయన్నారు. ఒంట్లో వాపు ఉందేమో చూసే ఈఎస్ఆర్, కీళ్ళవాతానికి చేసే ఆర్ఏ ఫ్యాక్టర్ రక్తపరీక్షలు, థైరాయిడ్, ఎమ్మారై, అన్నీ నార్మల్.

ఒక రాత్రి రెండింటికి ఛాతీ ఎడమపక్క పొడిచినట్టు నొప్పి వచ్చింది. ఊపిరి తీస్తే ఇంకా ఎక్కువ. మా ఆయన నైట్ డ్యూటీలో ఉన్నారు. నిద్రపోతున్న పిల్లాడి మొహం చూసి, వీడికి పొద్దున బడిగంట దాకా ఎవరు తోడుంటారని ఏడ్చాను. అత్తయ్య పక్కింటివాళ్ళని లేపి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఈసీజీ బాగుందన్నారు. డ్యూటీ డాక్టరు నా వైపు చూడకుండా నర్సుతో, "ఆడవాళ్ళకి ఇవి మామూలే. ఇంట్లో టెన్షన్లు. నిద్రమాత్ర ఇచ్చి పంపెయ్" అన్నాడు. ఈసీజీ బాగుండటం మంచిదే, కానీ ఆ మాట నేను ఇప్పటికీ క్షమించలేదు. "మా రోజుల్లో పదిమందికి వండాం" అని నన్ను దెప్పే అత్తయ్యే అప్పుడు ముందుకొచ్చి, "మా కోడలు అబద్ధమాడే మనిషి కాదు బాబూ" అంది. ఆవిడ రుణం తీర్చుకోలేను.

చివరికి హైదరాబాదులో కీళ్ళ జబ్బుల డాక్టరుగారు ఒకరు, అప్పటిదాకా ఎవరూ అడగనిది అడిగారు: "రాత్రి నిద్రపోయి లేస్తే అలసట తీరుతుందా?" తీరదన్నాను. బొటనవేలితో మెడ కింద, భుజం మీద, మోకాలి లోపలివైపు నొక్కారు. ఈ జబ్బుని గుర్తించడానికి 1990లో పెట్టిన పద్ధతిలో, ఒంటి మీద 18 చోట్ల నొక్కితే కనీసం 11 చోట్ల నొప్పి ఉండాలట. 2010 నుంచి నిద్ర, అలసట, మతిమరుపు కూడా లెక్కలోకి తీసుకుంటున్నారు. "ఫైబ్రోమయాల్జియా. నొప్పి నిజమే. నరాలు, మెదడు దాన్ని పెద్దది చేసి చూపిస్తున్నాయి, అందుకే రిపోర్టుల్లో దొరకదు" అన్నారు. 'నిజమే' అన్న ఆ ఒక్క మాటకి అక్కడే ఏడ్చేశాను.

నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబాలిన్ మాత్ర వేసుకుంటే క్లాసులో కళ్ళు తిరిగేవి. దాన్ని తగ్గించి, నొప్పికీ నిద్రకీ పనికొస్తుందని రాత్రి ఎమిట్రిప్టిలిన్ మాత్ర 10 మిల్లీగ్రాములు ఇచ్చారు. నోరు ఎండిపోయేది గానీ నిద్ర పట్టింది. అన్నిటికన్నా నడకే నన్ను లేపింది. మొదట రోజుకి 5 నిమిషాలే, మా వీధి చివరిదాకా. అరగంటకి చేరడానికి ఆరు నెలలు పట్టింది.

నాలాంటివాళ్ళకి ఒకటి చెప్పాలి. నొప్పి లేని రోజే జాగ్రత్తగా ఉండాలి. సంక్రాంతికి ఒళ్ళు తేలిగ్గా ఉందని అటక దులిపి, పిండి దంచి, అరిసెలు వండాను. నాలుగు రోజులు మంచం దిగలేదు. ఇప్పుడు ఒళ్ళు బాగున్నా బాగోకపోయినా ఒకటే కొలత: అరగంట పని, పది నిమిషాలు కూర్చోవడం. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. 'ఏమీ లేదు' అన్న డాక్టరు దగ్గరే ఆగిపోకండి.

నొప్పి పూర్తిగా పోలేదు, ముసురు పట్టిన రోజున తిరిగొస్తుంది. మొన్న మాత్రం మంగళగిరి పానకాలస్వామికి మొక్కు తీర్చుకోవడానికి మెట్ల దారినే వెళ్ళాం. స్వామి సగం పానకం తాగి సగం మనకే వదులుతాడంటారు కదా, నా నొప్పిలోనూ సగం తీసుకోమని ఆ రాత్రి ఆసుపత్రి బల్ల మీద మొక్కుకున్నాను. మా అబ్బాయి నా చెయ్యి పట్టుకుని మెట్లు లెక్కపెట్టాడు. ప్రతి ఇరవైకీ ఆగి, "కూర్చో అమ్మా" అన్నాడు. కూర్చున్నాను. అడక్కుండానే వచ్చి నా భుజం మీద తల వాల్చాడు.