కల్చర్‌లో ఏ సూక్ష్మజీవీ పెరగలేదు, అయినా జ్వరం తగ్గదేం?

తొడ ఎముక విరిగి, కాలేయం చిట్లి, లీటర్ల కొద్దీ రక్తం పోయిన మనిషి. ఆపరేషన్ అయింది, రక్తస్రావం ఆగింది. మర్నాడు పొద్దున చార్టు చూస్తే జ్వరం 38.6 డిగ్రీలు, నాడి 118, శ్వాస నిమిషానికి 26, తెల్లకణాలు 17,000. ఇంట్లోవాళ్లు మొదట అడిగేది "ఇన్ఫెక్షన్ వచ్చేసిందా డాక్టరు గారూ?" అనే. కొత్తగా డ్యూటీలో చేరిన డాక్టరుకు కూడా ముందు తట్టేది యాంటీబయాటిక్ మార్చడమే. గాయం తగిలి ఒక్క రోజే అయినప్పుడు చాలామందిలో అక్కడ ఇన్ఫెక్షన్ ఉండదు.

జ్వరం 38 దాటడం (లేదా 36 కంటే తగ్గడం), నాడి 90 దాటడం, శ్వాస 20 దాటడం, తెల్లకణాలు 12,000 మించడం (లేదా 4,000 కంటే తగ్గడం): ఈ నాలుగింటిలో రెండు ఉంటే ఒళ్లంతా ఇన్‌ఫ్లమేషన్ (గాయానికో, సూక్ష్మజీవికో రోగనిరోధక వ్యవస్థ రెచ్చిపోవడం; కింద "మంట" అన్నది దీన్నే) ఉన్నట్టు లెక్క అని 1992లో ఒక కొలమానం వచ్చింది. పెద్ద దెబ్బలు తగిలినవాళ్లలో దాదాపు ప్రతి ఒక్కరూ ఈ గీత దాటేస్తారు. అందరికీ వర్తించే కొలమానంతో ఎవరికి ఇన్ఫెక్షన్ ఉందో తేల్చడం కుదరదు.

సూక్ష్మజీవి లేకుండా ఇంత హడావుడి ఎందుకంటే, నలిగిపోయిన కండరంలో కణాలు పగిలి లోపలి సరుకంతా రక్తంలోకి వచ్చేస్తుంది. అందులో అన్నిటికన్నా చిక్కు తెచ్చేవి కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా ముక్కలు. వంద కోట్ల ఏళ్లకు ముందెప్పుడో మన పూర్వ కణంలో చేరి స్థిరపడిన బ్యాక్టీరియా సంతతి అది. దాని డీఎన్ఏకి, ఫార్మిల్ పెప్టైడ్లకి (బ్యాక్టీరియా తరహా ప్రోటీన్ ముక్కలు) ఆ పోలిక ఇంకా పోలేదు. కణం లోపల ఉన్నంతకాలం వాటి జోలికి ఎవరూ రారు. రక్తంలో కనిపిస్తే మాత్రం బ్యాక్టీరియాని పట్టడానికి ఉన్న టీఎల్ఆర్-9, ఫార్మిల్ పెప్టైడ్ రిసెప్టర్లు (తెల్లకణాల్లో గుర్తుపట్టే ప్రోటీన్లు) వాటినీ పట్టేస్తాయి. పెద్ద గాయాల తర్వాత రక్తంలో ఈ డీఎన్ఏ బాగా పెరుగుతుందనీ, సూక్ష్మజీవుల మీదకి ముందుగా ఉరికే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్‌ని రెచ్చగొట్టేది అదేననీ 2010లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. రక్తంలో సిద్ధంగా ఉండే కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్లు నిమిషాల్లో రాజుకుంటాయి, మంట సందేశాన్ని మోసే ఐఎల్-6 గంటల్లో ఎగబాకుతుంది. రక్తపరీక్షలో మంటని కొలిచే సీఆర్పీ అనే ప్రోటీన్‌ని మాత్రం కాలేయం తయారుచేయాలి కాబట్టి అది రెండో మూడో రోజుకి గానీ శిఖరానికి చేరదు. రెండో రోజు పెరిగిన సీఆర్పీ చూసి కంగారు పడనక్కర్లేదనేది అందుకే.

అసలు నష్టం న్యూట్రోఫిల్స్ దగ్గర జరుగుతుంది. ఎముక మజ్జ ఉన్న నిల్వంతా బయటికి తోసేస్తుంది, ఇంకా ముదరని బ్యాండ్ కణాలతో సహా. మామూలుగా గంటల్లో చచ్చిపోవాల్సిన కణాలు ఇప్పుడు ఎక్కువసేపు బతుకుతాయి. రెచ్చిపోయిన న్యూట్రోఫిల్ బిరుసెక్కి, ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. అక్కడే ఎంజైములు వదులుతుంది. రక్తనాళాల లోపలి పూత అప్పటికే షాక్ (రక్తం పోయి ఒళ్లంతటికీ రక్తప్రసరణ చాలకపోవడం) వల్ల ఊడిపోయి ఉంటుంది కనుక నీరు గాలిగదుల్లోకి ఊరుతుంది. ఛాతీకి దెబ్బే తగలని మనిషికి మూడో రోజు ఆక్సిజన్ పడిపోవడానికి ఒక కారణం ఇదే.

మంట ముందు చెలరేగుతుంది, అది చల్లారాక రోగనిరోధకత బలహీనపడుతుంది అని చాలాకాలం పాఠం చెప్పేవారు. ఆ వరస తప్పు. గాయపడ్డవాళ్ల తెల్లకణాల్లో జన్యువుల పనితీరు చూసిన 2011 నాటి పెద్ద అధ్యయనంలో రెండూ తొలి గంటల్లోనే కలిసి మొదలైనట్టు తేలింది. ఒక పక్క న్యూట్రోఫిల్స్ వీరంగం, అదే సమయంలో మోనోసైట్లనే మరో రకం తెల్లకణాల మీద హెచ్ఎల్ఏ-డీఆర్ (సూక్ష్మజీవి ముక్కని చూపించే ప్రోటీన్) తగ్గిపోవడం, టీ కణాల్లాంటి లింఫోసైట్లు పడిపోవడం. హెచ్ఎల్ఏ-డీఆర్ లేని మోనోసైట్ సూక్ష్మజీవిని మింగినా, దాని ముక్కని టీ కణానికి సరిగ్గా చూపించలేదు. మొదటి వారం చివర్లో వెంటిలేటర్ మీద న్యుమోనియా రావడం వెనక ఈ లోపం ఉంటుంది.

అందుకే "ఇమ్యూనిటీ పెంచే" మందుల మీదా, మంటని అణిచే మందుల మీదా నాకు ఒకే రకమైన అనుమానం. తలకి దెబ్బ తగిలిన 10,008 మంది మీద జరిగిన క్రాష్ ట్రయల్ 2004లో వెలువడింది. స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలో రెండు వారాల్లో 21.1 శాతం చనిపోయారు, ఇవ్వనివాళ్లలో 17.9 శాతం. అంతకుముందు దశాబ్దాలపాటు అది మంచిదనుకునే ఇచ్చారు!

పనికొచ్చేది, మంటకి మేత తగ్గించడం. రక్తస్రావం త్వరగా ఆపాలి. ఒంటి వేడి 35 కంటే దిగకుండా చూడాలి, ఎక్కించే రక్తాన్ని వెచ్చబెట్టాలి. చచ్చిన కండరం తీసేయాలి. ఏది చచ్చిందో తెలియడానికి సర్జన్లు నాలుగు చూస్తారు: రంగు, బిగువు, ఫోర్సెప్స్‌తో గిల్లితే ముడుచుకోవడం, కోస్తే రక్తం చిమ్మడం. వీటిలో రంగు ఒక్కదాన్నే నమ్మితే మోసపోతారు. అనుమానంగా ఉన్నది వదిలేసి 24 నుంచి 48 గంటల్లో మళ్లీ తెరిచి చూడటం మేలు.

ఆపరేషన్ ఎప్పుడన్నదీ ముఖ్యమే. ఒంట్లో లాక్టేట్ (కణాలకి ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) దిగని మనిషికి తొలిరోజే తొడ ఎముకలో రాడ్ వేస్తే మజ్జ, కొవ్వు రక్తంలోకి తోసి రెండో దెబ్బ కొట్టినట్టే. బయటినుంచి ఫిక్సేటర్ (ఎముకని కదలకుండా పట్టే చట్రం) బిగించి ఆపి, అసలు ఆపరేషన్ తర్వాత చేయాలి. 2 నుంచి 4 రోజుల మధ్య పెద్ద ఆపరేషన్లు వీలైతే పెట్టుకోకూడదు. అయిదో రోజు దాటాక నయం. స్థిమితంగా ఉన్న రోగికి ఈ జాప్యం అక్కర్లేదు, 24 గంటల్లో రాడ్ వేసేయడమే మంచిది.

మరి నిజమైన ఇన్ఫెక్షన్ ఎలా తెలుస్తుంది? ఒక్క రోజు అంకె ఏమీ చెప్పదు. దిగిన జ్వరం మళ్లీ ఎక్కడం, నాలుగో రోజు తర్వాత సీఆర్పీ తిరిగి పెరగడం, ప్లేట్‌లెట్లు తగ్గడం, ట్యూబులో కఫం రంగు మారి ఆక్సిజన్ అవసరం పెరగడం: ఇవి చూడాలి. ఇన్ఫెక్షన్ కోసం చూసే మరో రక్తపరీక్ష ప్రొకాల్సిటోనిన్ కూడా గాయం వల్లే తొలిరోజు పెరుగుతుంది, కానీ ఆ తర్వాత రోజుకి దాదాపు సగం చొప్పున పడాలి. పడకుండా నిలిచినా, మళ్లీ లేచినా వెతకండి, కిడ్నీలు దెబ్బతింటే అది నెమ్మదిగా దిగుతుందనేదీ మరవకండి. కల్చర్లు (సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే నమూనాలు) తీశాకే యాంటీబయాటిక్ మార్చండి. ఎముక బయటికి వచ్చిన గాయం వేరే సంగతి: అక్కడ జ్వరం కోసం ఆగకుండా గంటలోపే మొదటి డోసు పడాలి.

దెబ్బ తగిలి ప్లీహం (రక్తంలో సూక్ష్మజీవుల్ని వడకట్టే అవయవం) తీసేసినవాళ్లకి న్యూమోకాకస్, మెనింగోకాకస్, హిబ్ అనే బ్యాక్టీరియాల టీకాలు ఆపరేషన్ అయిన 14 రోజులకి వేస్తారు. అంతకుముందే ఇంటికి పంపుతుంటే, పంపేముందే వేయాలి. "తర్వాత రండి" అంటే ఎక్కువమంది రారు. వాళ్లకి జీవితాంతం ఏ జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలని చీటీ మీద రాసివ్వాలి.

రెండు వారాలు దాటినా ఐసీయూలోనే ఉన్నవాళ్లలో సీఆర్పీ కొంచెం ఎత్తులోనే ఉండిపోతుంది, లింఫోసైట్లు లేవవు, కండ కరిగిపోతుంటుంది. దీన్ని ఒక స్థితిగా 2012లో వర్ణించారు, దానికి ఇంతవరకు ఒక మందంటూ లేదు. 24 నుంచి 48 గంటల్లో ట్యూబు ద్వారా ఆహారం మొదలుపెట్టి, స్థిమితపడేకొద్దీ కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 2 గ్రాముల ప్రోటీన్ వరకు తీసుకెళ్లాలి. 70 కిలోల మనిషికి 84 నుంచి 140 గ్రాములు. ఆర్డరులో అంత రాసే ఉంటుంది. ప్రతి డ్రెస్సింగుకీ, స్కానుకీ, ఆపరేషనుకీ ఫీడు ఆపేసి మళ్లీ మొదలెట్టడం మరిచిపోతారు కాబట్టి, సాయంత్రం రౌండ్లో చూడాల్సింది ఆర్డరు కాదు, ఆ 24 గంటల్లో నిజంగా లోపలికి వెళ్లిన మిల్లీలీటర్లు.